పై చిగురులో పన్ను

నాచారం,
12 జూన్ 2003.

అన్నకు,

సంతోషి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం బాగున్నాం. నలుగురం అని రాయాలి, మా అత్త ఆలేరు నుంచి వచ్చి పది రోజులయింది. నువ్వెలా ఉన్నావు? బొగ్గుబాయిలో రాత్రి డ్యూటీ నుంచి పగలు డ్యూటీకి మారావా?

ఉత్తరం ఆలస్యమయిందని తిట్టకు. కాగితం ముందు పెట్టుకుంటే హిమజ లేస్తుంది. హిమజ పడుకుంటే నా కళ్లు మూతపడతాయి. నీ కోడలికి ఎనిమిది నెలలు నిండాయి, పళ్లు వచ్చే కాలం. పగలంతా చొంగ కారుస్తూ దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. మీ బావ కంపెనీ కార్డు నమిలి ఫోటోలో ఆయనకు ఒక చెవి లేకుండా చేసింది. గేటు దగ్గర వాచ్‌మన్ "గిది నువ్వేనా నరేందర్ భాయ్, చెవి యాడ పోయింది?" అన్నాడట.

పగలు నవ్వొస్తుంది గానీ రాత్రి రాదు. ఒంటిగంటకు ఒకసారి, మూడింటికి ఒకసారి లేస్తుంది. లేచిందంటే రేకులు అదిరేలా ఏడుస్తుంది. మీ బావ ప్లాస్టిక్ కంపెనీలో మిషన్ నోట్లో చెయ్యి పెట్టి బిందెలు తీసే మనిషి, ఆయనకు నిద్ర తక్కువైతే నాకు గుండె దడ. గోడ అవతల మరియమ్మ, బట్టల కంపెనీలో కుట్టు పని చేస్తుంది, తెల్లవారే బస్సు పట్టుకోవాలి. అందుకే పిల్లను భుజాన వేసుకుని బయట బోరింగు దాకా, మళ్లీ గుమ్మం దాకా తిరుగుతాను. కంపెనీల దీపాలు చూపిస్తే కాసేపు ఊరుకుంటుంది. తర్వాత నా భుజం కొరుకుతుంది.

అత్త మొన్న, "రెండు సుక్కల కల్లు నాలిక్కి రాస్తే తెల్లారేదాక లేవది. నీ మొగడు గట్లనే పెరిగిండు" అన్నది. నా సంగతి నీకు తెలుసు కదా, నలుగురిలో నాకు మాట రాదు. పిల్లను ఎత్తుకుని బయట కూర్చున్నాను. కానీ ఒక ఉపాయం నా అంతట నేనే కనిపెట్టాను. మెత్తటి ధోవతి గుడ్డ ముక్కను ఉడకబెట్టి ఆరేసి, కాచి కొత్త కుండలో చల్లార్చిన నీళ్లలో తడిపి పిండి ఇస్తే, దాన్ని పట్టుకుని నములుతూ అరగంట ఊరుకుంటుంది. చెయ్యి సబ్బుతో కడుక్కుని చిగురు మెల్లగా రుద్దితే కళ్లు వాల్చి పడుకుంటుంది. ఎవరూ చెప్పలేదు అన్నా, నేనే.

అత్త పొద్దున్నే పిల్ల కింది చిగురు చూస్తుంది. పన్ను కింద వస్తే శుభమట. పైన ముందు వస్తే మేనమామకు గండమట. కింద తెల్లగా ఉబ్బింది, కాబట్టి ఫికర్ లేదు. ఇరవై ఒకటో రోజున చూసిన పిల్లను మళ్లీ చూడలేదు నువ్వు. ఎప్పుడు వస్తావు?

నీ చెల్లె,
సంతోషి.


గోదావరిఖని,
21 జూన్ 2003.

చెల్లె సంతోషికి,

నీ ఉత్తరం చదివి ఒక్కడినే నవ్వుకుంటుంటే పక్క క్వార్టర్ వాళ్లు తొంగి చూశారు. నేను క్షేమం. పగలు డ్యూటీకి మారాను. పని అదే, బాయిలో కప్పు కింద దుంగలు నిలబెట్టడం. వానలు పడితే లోపల నీళ్లు ఊరుతాయి, బూట్లు ఆరవు, అంతే బాధ.

గుర్తింపు కార్డు సంగతి బాయి దిగుతూ కామరాజుకు చెప్పాను. వాడు నాతోపాటు దుంగలు మోసేవాడు. "నీ కోడలిని ఈడికి తోలియ్యన్న, మా సూపర్‌వైజర్ కార్డు గూడ నమిలిపిద్దాం" అన్నాడు. ఆ రోజంతా లోపల అదే ముచ్చట. పిల్లను చూడకుండానే యాభై మందికి తెలిసిపోయింది.

ఐదో తరగతి చదివి ఇంత పెద్ద ఉత్తరం రాస్తావు, పదో తరగతి చదివిన నాకు ఒక పేజీ నిండదు. తడిగుడ్డ ఉపాయం మా క్వార్టర్లలో ఒక చంటిపిల్ల తల్లికి చెప్పాను. పని చేసిందట. "ఎవరు చెప్పిన్రు?" అని అడిగితే "మా చెల్లె, హైదరాబాద్‌ల ఉంటది" అన్నాను, డాక్టర్ పేరు చెప్పినట్టు.

వచ్చే నెల రెండో ఆదివారం వస్తాను. రెండు రోజులు ఉంటాను. రాత్రి ఒంటిగంట ఏడుపు నాకు అప్పగించు, మూడింటిది నువ్వు చూసుకో. కోడలికి వెండి గిలక్కాయ తెస్తున్నాను.

ఉప్పలయ్య.


నాచారం,
2 జూలై 2003.

అన్నకు,

నీ ఉత్తరం అందింది. సంతోషం. కానీ వచ్చే నెల రెండో ఆదివారం అని రాశావే, అప్పుడు రావద్దు. ఇక్కడ ఒక్కటే గది. అత్త ఉంది. పిల్ల ఏడుపుకు నీకు నిద్ర పట్టదు. రెండు రోజుల సెలవు పాడవుతుంది. వానలకు గది ముందు బురద కూడా ఉంది.

పన్ను వచ్చింది. మొన్న శుక్రవారం చెంచాతో జావ పెడుతుంటే టక్కుమని తగిలింది. ఎక్కడ వచ్చిందో తర్వాత రాస్తాను.

ఇక్కడ రెండు వరుసలు కొట్టేశాను, పట్టించుకోకు. కొన్నాళ్లు ఆగు. నేను రమ్మన్నప్పుడు వద్దువు గానీ. బాయిలో జాగ్రత్త. ప్రతిరోజూ జాగ్రత్త. దిగే ముందు దండం పెట్టుకుని దిగు. నేను కూడా పెడుతున్నాను.

సంతోషి.


గోదావరిఖని,
10 జూలై 2003.

సంతోషికి,

సెలవు అడిగి పెట్టుకున్నాను, రద్దు చేసుకున్నాను. మళ్లీ అడగాలంటే నెల పడుతుంది. అది పెద్ద మాట కాదు.

ఒకటే గది అన్నావు. అమ్మానాయిన పోయాక మనం ఉన్నది ఎన్ని గదుల్లో? ఆ వంటింట్లో నువ్వు గోడ పక్కన, నేను గుమ్మం పక్కన. నాకు నిద్ర పట్టదని రాశావు. బాయిలో బండ మీద తల పెట్టి నిద్రపోయే మనిషిని నేను. బురద అని రాశావు. ఆ మాట ఎవరికి రాశావో ఒకసారి ఆలోచించుకో. ఎంత తోమినా గోళ్ల కింద నలుపు పోనివాడికి గుమ్మం ముందు బురద ఉందని రాశావు.

నీ పెళ్లిలో ఎవరో "పిల్ల అన్న బొగ్గుబాయిల చేస్తడట" అని మూతి తిప్పితే నువ్వు ఏడ్చావు. నేను గమనించాను. అప్పుడు నా కోసం ఏడ్చావనుకున్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో పదిమంది మధ్య ఉంటున్నావు కాబట్టి వేరేలా అనిపిస్తుందేమో.

కొట్టేసిన రెండు వరుసల్లో ఏముందో దీపానికి అడ్డం పెట్టి చూశాను. కనిపించలేదు. మంచిదే.

నువ్వు రమ్మనే దాకా రాను. పిల్ల జాగ్రత్త.

ఉప్పలయ్య.


నాచారం,
17 జూలై 2003.

అన్నా,

నువ్వు రాసింది చదివి అన్నం తినలేదు. నీ గోళ్ల నలుపుకు నేను సిగ్గుపడితే నా నోరు పడిపోవాలి. పెళ్లిలో నేను ఏడ్చింది నీ కోసమే. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను.

పన్ను పైన వచ్చింది.

కింద ఉబ్బింది ఉబ్బినట్టే ఉంది, పైన ఒకటి తెల్ల బియ్యపు గింజలా బయటపడింది. చెంచా తగిలిన శబ్దం అత్త కూడా విన్నది. పెదవి ఎత్తి చూసి కింద కూర్చుండిపోయింది. "అయ్యో, పైదే! ఉప్పలయ్యకు చెప్పకు. కింది పండ్లు రెండొచ్చేదాక పిల్ల మేనమామ కండ్ల బడొద్దు. అటెన్క నూనె గిన్నెల పిల్ల నీడ సూపిచ్చి, అప్పుడు మొకం సూపియ్యాలె" అన్నది. అది నీ మీద కోపంతో అన్న మాట కాదు. ఆవిడా భయపడింది.

నేను నమ్మానా అని అడుగు. పగలు నమ్మను. రాత్రి పిల్లను భుజాన వేసుకుని తిరుగుతుంటే నమ్ముతాను. నువ్వు చేసేది ఇంకే పని అయినా నవ్వి ఊరుకునేదాన్ని. నువ్వు రోజూ భూమి కిందికి పోతావు. ఇప్పుడు పిల్ల ఊరుకున్నా నాకు నిద్ర రావడం లేదు. అది పడుకున్నాక నేను బాయి కప్పు గురించి ఆలోచిస్తూ కూర్చుంటాను.

బోరింగు దగ్గర ఆడవాళ్లకు అత్తే చెప్పింది. ఒకావిడ పిల్లను ఎత్తుకోబోయి, "నాకు గూడ అన్నదమ్ములున్నరమ్మ, నా పిల్లలకు మేనమామలున్నరు" అని చేతులు వెనక్కి తీసుకుంది. తొమ్మిది నెలల పిల్ల, చేతులు చాచి అలాగే ఉండిపోయింది. నేనే దాన్ని భుజాన వేసుకున్నాను.

మరియమ్మ ఒక్కతే నవ్వింది. "మా కృపకు గూడ పైవే ముందొచ్చినయ్. దాని మేనమామ దేవానందం ఇప్పటికీ కూసుంటే రెండు ప్లేట్ల బిర్యాని లేపుతడు. ఆయినకేం గండం రాలే, బిర్యాని పెట్టేటోళ్లకే వచ్చింది" అన్నది. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

నడుమ రెండు రోజులు జ్వరం బాగా వచ్చింది. అందరూ పళ్ల జ్వరమే అన్నారు. నాకు నచ్చక మరియమ్మను తోడు తీసుకుని దవాఖానాకు పోయాను. డాక్టరమ్మ చూసి, చెవిలో చీము పట్టింది, పళ్ల వల్ల ఇంత జ్వరం రాదు, ఇలాంటప్పుడు వెంటనే తేవాలి అన్నది. మందు వేస్తే తగ్గింది. తడిగుడ్డ సంగతి చెబితే "ఎవరు చెప్పిన్రు?" అని అడిగింది. తల వంచుకుని నేనే అన్నాను. "మంచిగ చేస్తున్నవమ్మా" అన్నది. ఆ మాట నీకు రాయాలని అప్పుడే అనుకున్నాను.

ఇక నువ్వే చెప్పు, నన్నేం చెయ్యమంటావు? నిన్ను రమ్మంటే భయం. వద్దంటే నువ్వు ఇలా రాస్తావు.

సంతోషి.


గోదావరిఖని,
25 జూలై 2003.

చెల్లెకు,

ముందు నా తప్పు. ఆ ఉత్తరం పొయ్యిలో వెయ్యి. రాసిన చెయ్యి నాదే కానీ రాయించింది తిక్క.

ఇప్పుడు చెబుతా విను. దుంగలు నిలబెట్టేవాడు ముందు చేసే పని ఏమిటో ఎప్పుడూ చెప్పలేదు నీకు. ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి చూస్తాం. గట్టిగా ఉంటే గంట కొట్టినట్టు ఖంగుమంటుంది. లోపల విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికినచోట ఎవరినీ నిలబడనివ్వం, ముందు దుంగ పెడతాం. ఏడేళ్లలో కడ్డీ తట్టకుండా ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు. నా గండం నా తల మీద ఉన్న బండలో ఉంటే ఉంటుంది. అది ఎలా పలుకుతుందో నాకు తెలుసు. నా కోడలి నోట్లో గండం లేదు, పన్ను ఉంది.

ఆ ఆడమనిషి చేతులు వెనక్కి తీసుకుందని రాశావు చూడు, అది నన్ను కోసింది. నన్ను ఎన్ని అన్నా పడతాను. పిల్లకు ఆ పేరు పడకూడదు. ఇప్పుడు పడితే పెళ్లినాడు కూడా ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. అందుకే కింది పళ్లు రాకముందే వస్తాను. నూనె గిన్నె వద్దు. అందరి ముందూ ఎత్తుకుంటాను.

రాఖీ పండుగకు ముందు ఆదివారం, ఆగస్టు పది. హనుమకొండ మీదుగా వచ్చే బస్సులో, పదకొండింటికి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర దిగుతాను. నువ్వు రావద్దు, దారి అడుక్కుంటూ వస్తాను.

డాక్టరమ్మ మాట కామరాజుకు చదివి వినిపించాను. "నీ చెల్లెకు నోరు లేదంటివి గదన్న" అన్నాడు. లేదు, బుర్ర ఉంది అన్నాను.

అన్న, ఉప్పలయ్య.


నాచారం,
13 ఆగస్టు 2003.

అన్నకు,

ఆదివారం నేను ఉప్పల్‌కు వచ్చాను. నువ్వు రావద్దన్నా వచ్చాను. అత్త గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఎండల పిల్లను తీస్కపోయి రోడ్డు మీద మేనమామకు సూపెడ్తవా?" అన్నది. ఆవిడ పక్కనుంచి దూరి వచ్చాను. ఒక్కదాన్నే బస్సెక్కడం అదే మొదలు. కండక్టర్ "యాడికి?" అంటే మూడోసారికి గానీ నా నోట్లోంచి ఉప్పల్ అని రాలేదు.

పిల్లకు కొత్త గౌను వేశాను. పదకొండు నుంచి మూడింటి దాకా రింగురోడ్డు దగ్గర నిలబడ్డాను. వరంగల్ వైపు నుంచి వచ్చిన ప్రతి బస్సు మెట్లూ చూశాను. సోడా బండి అతను జాలిపడి స్టూలు వేశాడు. పిల్ల నా పైట నమిలి నమిలి నిద్రపోయింది. నువ్వు రాలేదు.

ఇవాళ నీ కార్డు వచ్చింది. "ఈ వారం రావడం వీలు కాదు. ఎదురు చూడకు." అంతే. ఎందుకు అన్నది లేదు.

అత్త నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మెచ్చుకుంది, నిన్ను. "మేనమామకున్న తెలివి తల్లికి లేదు. బయమైంది, ఆగిండు. మంచిగనే జేసిండు" అన్నది. ఆ ఆదివారం సాయంత్రానికే బోరింగు దగ్గర అందరికీ తెలిసింది. ఇన్నాళ్లూ అది అత్త మాట. ఇప్పుడు మేనమామే నమ్మాడంటే నిజమే అంటున్నారు. పిల్లను పేరు పెట్టి పిలవడం లేదు, "ఆ పైపన్ను పిల్ల" అంటున్నారు.

ఉత్తరంలో బండ ఖంగుమంటుందని గొప్పగా రాశావు. బస్సు ఎక్కే దగ్గర నువ్వే డొల్లగా పలికావు. భయం ఉంటే ఉందని రాయాల్సింది, నేను అర్థం చేసుకునేదాన్ని. నా బిడ్డను కొత్త గౌనులో నాలుగు గంటలు ఎండలో నిలబెట్టాల్సిన పని లేకపోయేది.

రాఖీ కొనిపెట్టాను. పంపడం లేదు. హిమజకు మేనమామ లేడని అనుకుంటాను.

సంతోషి.


గోదావరిఖని,
19 ఆగస్టు 2003.

చెల్లె,

చివరి వాక్యం లేకపోతే నీకు ఇది రాసేవాడిని కాదు. పిరికివాడిననే మాట మోసేద్దామనుకున్నాను. మేనమామ లేడు అన్న మాట మొయ్యలేకపోయాను.

ఆగస్టు ఆరున, బుధవారం, దుంగ దించుతుంటే నా చెయ్యి జారింది. అది ఎడమ పాదం మీద పడింది. కప్పు కూలలేదు, బండ పడలేదు. నా చేతి చెమట, అంతే. రెండు ఎముకలు విరిగాయి. పట్టీ వేశారు. దవాఖానాలో వారం ఉండి క్వార్టర్‌కు వచ్చాను. రెండు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. ప్రాణానికేమీ కాదు. కామరాజు భార్య పూటకో గిన్నె పంపుతోంది.

దుంగ పడ్డప్పుడు నాకు ముందు నొప్పి గుర్తు రాలేదు, పిల్ల గుర్తొచ్చింది. ఈ సంగతి నాచారం చేరితే ఆడవాళ్లు ఏమంటారో నాకు తెలుసు. "సూసిన్రా, పైపన్ను!" అంటారు. జీవితాంతం అంటారు. మేనమామ భయపడి రాలేదు అనుకుంటే అది నా మీదికి పోతుంది. మేనమామ కాలు విరిగింది అంటే అది పిల్ల మీదికి పోతుంది. రెంటిలో ఏది మోయాలో ఆలోచించడానికి నాకు ఎక్కువ సేపు పట్టలేదు. అందుకే ఆ కార్డు.

మీ అత్తకు చెప్పకు. బావకు కూడా చెప్పకు. ఇది చదివి పొయ్యిలో వెయ్యి. పిరికివాడివని పది ఇళ్లలో అననీ, నేను అక్కడ ఉండను కదా. పిల్ల అక్కడ పెరగాలి.

ఉప్పల్‌లో నాలుగు గంటలు నిలబడ్డావని చదివి దిండులో మొహం పెట్టుకున్నాను. అయినా ఒక సంతోషం. ఒక్కదానివే బస్సెక్కావు.

ఉప్పలయ్య.


నాచారం,
27 ఆగస్టు 2003.

అన్నా,

నీ ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు. నీ మాట మళ్లీ కాదన్నాను, కోప్పడకు.

నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను. ఒక రోజంతా ఏడ్చాను. రాత్రి పిల్ల లేచింది, దాంతోపాటు బయట తిరుగుతూ ఆలోచించాను. నేను దాచిపెడితే, ఇందులో దాచాల్సింది ఏదో ఉందని నేనే ఒప్పుకున్నట్టు. నువ్వు దాచావు, నేను దాచాను, రేపు ఇది పెద్దయ్యాక దానికీ దాచాలి. తప్పు చేసినవాళ్లు దాచుకుంటారు. నా బిడ్డ ఏం చేసింది? నిన్ను పిరికివాడు అననివ్వను, దాన్ని ఇంకో మాట అననివ్వను. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే నా వల్ల కాదు.

ఆదివారం పొద్దున బోరింగు దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. అత్త కూడా ఉంది. పిల్లను మరియమ్మకు ఇచ్చి, కొంగులోంచి నీ ఉత్తరం తీసి, "మా అన్న రాసిండు, సదువుతున్న, ఇనుండ్రి" అన్నాను. బోరింగు కొడుతున్న ఆవిడ కొట్టడం ఆపింది. మొదటి నుంచి చివరి దాకా చదివాను. రెండు చోట్ల తడబడ్డాను గానీ ఆపలేదు. ఐదో తరగతిలో పంతులు నిలబెడితే ఒక్క ముక్క చదవలేకపోయినదాన్ని.

పాదం విరిగిందని వినగానే అత్త, "నేను సెప్పలేదా! అయ్యో ఉప్పలయ్యా!" అని నెత్తి పట్టుకుంది. ఏడ్చింది కూడా. చేతులు వెనక్కి తీసుకున్న ఆవిడ "పన్ను తప్పు గాకపోతే మరేంది?" అన్నది.

అప్పుడు నాకు మాట వచ్చింది అన్నా. ఎలా వచ్చిందో తెలియదు.

"బాయిల వందల మంది పనిజేస్తరు. దెబ్బ దాకిన ప్రతి మనిషి ఇంట్ల పైపన్ను పిల్ల ఉందా? మా అన్న చెయ్యి జారింది, గంతే. నా బిడ్డ పన్ను అన్నం తినేటందుకు వచ్చింది, మనుషులను తినేటందుకు గాదు. దాని పేరు హిమజ. పిలిస్తే పేరు పెట్టి పిలువుండ్రి, లేకుంటే పిలువకుండ్రి" అన్నాను.

మరియమ్మ "ఇన్నొద్దులు ఈ నోరు యాడ దాసినవే?" అన్నది. చేతులు వెనక్కి తీసుకున్న ఆవిడ బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆవిడ మారిందని నేను చెప్పను. కానీ సాయంత్రం ఆవిడ కూతురు వచ్చి "హిమజను ఆడిపిస్త ఇయ్యి అక్కా" అని ఎత్తుకుపోయింది.

ఇంట్లోకి వచ్చేసరికి మీ బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న మనిషి, అంతా విన్నాడు. "నీతోని ఇగ జాగ్రత్తగ ఉండాలె" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పగలు డ్యూటీ వారాల్లో మూడింటి ఏడుపు ఇక ఆయనది. నేను అడిగాను, ఒప్పుకున్నాడు. పైన రెండో పన్ను కూడా వచ్చింది. దాని తర్వాత పిల్ల కాస్త నయం, మొన్న నాలుగు గంటలు ఏకంగా పడుకుంది. నేను లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, పిచ్చిదాన్ని.

అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న తనే వచ్చి కూర్చుంది. "నా నమ్మకం నాది. నీ అన్న కాలు గట్టి పడేదాక దీపం పెడ్త. నువ్వెట్లన్న చేస్కో" అన్నది. నేను సరే అన్నాను. దీపం పెట్టడంలో తప్పేముంది, అది నీ కోసమే కదా. ఇందాక చూస్తే నా సంచిలో మినప సున్నుండల డబ్బా పెట్టి ఉంది. నీ ఎముకలకట.

సంచి ఎందుకంటే, మేం వస్తున్నాం. సెప్టెంబర్ నాలుగు, గురువారం. సికింద్రాబాద్‌లో కాగజ్‌నగర్ పోయే రైలు ఎక్కి రామగుండంలో దిగుతాం, నేనూ నీ కోడలూ. మీ బావకు సెలవు దొరకలేదు. కింది పళ్లు ఇంకా రాలేదు. అవి వచ్చేదాకా ఆగను. నెల రోజులుంటాను, నీకు వండి పెడతాను, కామరాజు భార్యను ఇక గిన్నెలు పంపవద్దని చెప్పు. రాత్రి ఒంటిగంటకు లేస్తుంది, నువ్వు ఎలాగూ మంచం మీదే ఉంటావు, నీ పక్కన వేస్తాను. వేళ్లు కడుక్కుని ఉంచుకో.

స్టేషన్‌కు ఎవరినీ పంపకు, నువ్వు అసలే కదలకు. మీ క్వార్టర్లు ఎటు పోవాలో అడుగుతాను. అడగడం ఇప్పుడు నాకు వచ్చు.

నీ చెల్లె,
సంతోషి.